తిరుపతి సైడు కాలువకీ సముద్రంలో మన డైవ్‌కీ ఏం సంబంధం?

తిరుపతిలో కాపురముండి స్కూబా డైవింగ్ చేస్తానంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. "కపిలతీర్థంలో మునిగితే చాలదా అబ్బా, దానికి అంత దూరం పోవాల్నా" అంటాడు మా పక్కింటి పెద్దాయన. మేము ఐదారుగురం ఉన్నాం. వరసగా రెండు రోజులు సెలవు దొరికితే కారేసుకుని తూర్పు తీరంలో ఎక్కడో ఒకచోటికి పోతాం, బోటు ఖర్చు భరించలేని నెలల్లో ఒడ్డు నుంచే సిలిండరు తగిలించుకుని నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోతాం. దీన్నే షోర్ డైవ్ అంటారు. రెండేళ్ళ కిందట ఒక నవంబరులో అట్లాగే దిగాం. ముందు రోజు రాత్రంతా వాన, పొద్దున్నే వెలిసింది, ఎండ కూడా వచ్చింది. ఒడ్డు దగ్గర నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. నాకు కాస్త అనుమానం వచ్చి అడిగితే మమ్మల్ని దింపే కుర్రాడు "సముద్రం సార్ ఇది, ఎంతొచ్చినా కలిసిపోతుంది" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. మూడో రోజుకి కుడి చెవి దిబ్బడేసింది, దిండు మీద తల పెడితే ప్రాణం పోతోంది. మాలో ఇంకో ఇద్దరికి విరేచనాలు.

చెవి డాక్టరు లైటు వేసి చూసి "ఏ నీళ్ళలో దిగినారు?" అన్నాడు. సముద్రం అన్నాను, కొంచెం గొప్పగానే. "సముద్రంలో ఏ నీళ్ళు?" అన్నాడాయన. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్ని నెలలు దాని వెంట పడితే అర్థమైనదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. బాత్‌రూమ్ నుంచి పోయేదీ డ్రైనేజీనే, రోడ్డు పక్కన వాన నీళ్ళు పోయేదీ డ్రైనేజీనే. రెంటికీ ఒకటే పేరు పెట్టుకున్నాం కాబట్టి రెండూ ఒకే చోటికి పోతాయని, అక్కడ ఎవరో శుద్ధి చేస్తారని మనసులో ఒక నమ్మకం. కానీ కట్టేవాళ్ళ లెక్కలో ఇవి వేరువేరు. యూజీడీ అని మున్సిపాలిటీ వాళ్ళు అనేది భూమి కింది మురుగు పైపు, అది ఎస్టీపీకి, అంటే మురుగు శుద్ధి ప్లాంటుకి పోవాలి. మనకైతే తూకివాకం వైపు. రోడ్డు పక్కన కనబడే సైడు కాలువ వాన నీళ్ళ కోసం, అది పల్లానికి పోయి చెరువులోనో వంకలోనో ఏటిలోనో పడుతుంది. దాని చివర ఏ ప్లాంటూ ఉండదు, చాలాచోట్ల ఒక జల్లెడ కూడా ఉండదు. వాన నీరు శుభ్రమైనదే కదా, దానికి శుద్ధి ఎందుకు అన్న లెక్క మీద కట్టిన ఏర్పాటు అది.

(అన్ని ఊళ్ళూ ఇట్లా రెండు దారులు వేయలేదు. లండన్, న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి పాత నగరాల్లో చాలా భాగానికి వానకీ మురుగుకీ ఒకటే పైపు, పెద్ద వాన పడితే నిండిపోయి కలగలిసిన నీళ్ళు నదిలోకో సముద్రంలోకో పొర్లుతాయి. లండన్ వాళ్ళు ఆ పొర్లే నీళ్ళని పట్టడానికే థేమ్స్ కింద 25 కిలోమీటర్ల సొరంగం తవ్వుకున్నారు, అది 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది.)

మనది కాగితం మీద రెండు దారులు, వీధిలోకి వస్తే సగం సగం. యూజీడీ కనెక్షన్ లేని ఇంట్లో సెప్టిక్ ట్యాంక్ ఉంటుంది, దాని పైనుంచి పొర్లే నీళ్ళకి ఒక నాలుగంగుళాల పైపు పెట్టి గోడ కింద నుంచి సైడు కాలువలోకి వదిలేస్తారు. రాత్రిపూట మేస్త్రీ వచ్చి రెండు గంటల్లో చేసిపెట్టే పని, ఎవరూ తప్పనుకోరు. దీనికి తిరగేసిన పని కూడా ఉంది. మిద్దె మీది వాన నీళ్ళ పైపుని తీసుకెళ్ళి యూజీడీలో కలిపేవాళ్ళున్నారు. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు నిలిస్తే గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత ఎత్తేవాళ్ళూ ఉన్నారు, నేనూ ఒకసారి ఆ గడ్డపారకి చెయ్యేసినవాణ్ణే. అప్పుడు మురుగు పైపులోకి దాని శక్తికి మించి నీళ్ళు పోతాయి, ప్లాంటు అంత తీసుకోలేదు, పల్లంలో ఇంకో వీధిలో మ్యాన్‌హోల్ మూత లేచి చిమ్ముతుంది. అలా చిమ్మింది మళ్ళీ ఎక్కడికి పోతుంది? సైడు కాలువలోకే. అందుకే వాన రోజున ఏది వాన నీరో ఏది మురుగో విడదీసి చెప్పే అవకాశమే ఉండదు.

మురుగు ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్క. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని మన దేశంలో నగరాల నీటి సరఫరాకి పెట్టుకున్న కొలత, వాడిన నీళ్ళలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజినీర్లు వేసుకునే అంచనా. అంటే లక్షమంది ఉంటే రోజుకు కోటి లీటర్ల పైచిలుకు. తిరుపతికి ఇంకో తంటా ఉంది, కొండకి వచ్చే జనం. రోజూ అరవై డెబ్బై వేలమంది దర్శనానికి వస్తుంటే వాళ్ళలో చాలామంది కింద ఏదో ఒక లాడ్జిలో స్నానం చేసి, ఏదో ఒక హోటల్లో తిని పోతారు. జనాభా లెక్కల్లో లేని ఆ జనం మురుగు లెక్కలో మాత్రం ఉంటారు. మురుగే కలవని కాలువ కూడా పవిత్రమేమీ కాదు. రోడ్డు మీద ఆవుల పేడ, కుక్కల మలం, మెకానిక్ షెడ్ల ముందు కారిన ఆయిలు, టైర్లు అరిగి రాలిన పొడి, హోటళ్ళ జిడ్డు, ఇవన్నీ వేసవంతా పేరుకుని మొదటి పెద్ద వానకి ఒక్కసారిగా కదులుతాయి. సీజన్ చివరి వాన కంటే మొదటి వాన నీళ్ళు, ఒకే వానలోనైనా చివరి గంట కంటే మొదటి గంట నీళ్ళు ఎక్కువ మురికిగా ఉండేది అందుకే.

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి ఏరు. ఊరి వాలు అటే. ఈ ఏరు చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి గుడి పక్కగా, నాయుడుపేట మీదుగా పోయి వాకాడు దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు ఈ ఏరు పుట్టేదీ సముద్రంలో కలిసేదీ రెండూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి, కాబట్టి ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు. సంవత్సరంలో ఎక్కువ రోజులు ఇది ఇసుక, ముళ్ళపొదలు, మధ్యలో నల్లగా పారే సన్నటి మురుగు. ఆ మురుగు సముద్రం దాకా పోదు, దారిలోనే ఇసుకలో ఇంకుతుంది, మడుగుల్లో నిలుస్తుంది. వానాకాలంలో ఏరు వచ్చిందంటే మాత్రం ఆ నిల్వ అంతా ఊడ్చుకుపోతుంది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో ఏమైందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు దూకిన తీరు, వీధుల్లో కొట్టుకుపోయిన బళ్ళు, ఆ తర్వాత రాయలచెరువు గట్టు తెగుతుందేమోనన్న టెన్షన్. ఆ నాలుగు రోజుల్లో స్వర్ణముఖి మోసుకుపోయిన బురదలో మా వీధి కాలువ వాటా కూడా ఉండే ఉంటుంది.

నా చెవి నొప్పికి తిరుపతి మురుగే కారణమని నేననడం లేదు, మేము దిగింది అక్కడికి దగ్గర్లో కూడా కాదు. కాకపోతే మనకి నూరు కిలోమీటర్ల పైన దూరం ఉన్న కథ తీరంలో ఉండే ఊరికి అర కిలోమీటరులో అయిపోతుంది. సైడు కాలువ నేరుగా ఇసుకలోకే తెరుచుకుంటుంది. విశాఖలో బీచ్ రోడ్డు పక్కన నల్ల నీళ్ళు ఇసుకని కోసుకుంటూ అలల్లోకి పోవడం చూడనివాళ్ళు తక్కువ, చెన్నైలో మురుగు మోసే కూవం, అడయారు నదుల సంగతి సరేసరి.

ఇప్పుడు ఆ కుర్రాడన్న మాటకి వద్దాం. ఎంతొచ్చినా కలిసిపోతుందా? సముద్రపు నీళ్ళలో స్నానానికీ ఈతకీ మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు, 100 మిల్లీలీటర్లకి మలజన్య కోలిఫాం అనే బాక్టీరియా 100. శుద్ధి చేయని మురుగులో అదే 100 మిల్లీలీటర్లకి కోటి ఉండటం మామూలు విషయం. కోటిని వందకి దించాలంటే లక్ష రెట్లు పలచన కావాలి. ఒక ఇరవై లీటర్ల బకెట్టు మురుగుకి ఇరవై లక్షల లీటర్ల శుభ్రమైన నీళ్ళు, అంటే ఒలింపిక్ ఈతకొలనుకి కాస్త తక్కువ. సముద్రంలో అన్ని నీళ్ళు లేవా అంటే ఉన్నాయి, కానీ అవి వచ్చి కలవాలి కదా. ఒడ్డు దగ్గర అదే జరగదు.

వాన నీరు ఉప్పు లేని నీరు, సముద్రపు నీటి కంటే తేలిక. అందుకని పాల మీద మీగడ కట్టినట్టు పైన ఒక పొరగా పరుచుకుంటుంది. డైవ్ చేసేవాళ్ళు ఆ పొర దాటేటప్పుడు గుర్తుపట్టొచ్చు, కళ్ళముందు నూనె కలిపిన నీళ్ళలా వణుకుతూ మసకగా ఉంటుంది, దాని కిందికి పోగానే ఒక్కసారిగా తేటపడుతుంది. ఇంక అలలు. ఒడ్డుకు కొట్టే అల వచ్చిన నీటిని మళ్ళీ ఒడ్డుకే తోస్తుంటుంది, కాబట్టి కాలువ నీళ్ళు లోపలికి పోకుండా తీరాన్ని అంటిపెట్టుకుని పక్కలకి జరుగుతాయి. ఎటు పక్కకి అనేది ఆ రోజు అలలూ గాలీ తేలుస్తాయి. పెద్ద ఏరు వదిలిన ఎర్రనీళ్ళ సంగతైతే తీరం వెంట నడిచే ప్రవాహం చేతుల్లో ఉంటుంది, మన తూర్పు తీరంలో అది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి. అంటే నవంబరులో ఏటి మొగకి ఉత్తరాన దిగడం వేరు, దక్షిణాన దిగడం వేరు.

బోటులో పోయేవాడు ఈ మురికి పట్టీని దాటేసి లోపల దూకుతాడు. ఒడ్డు నుంచి దిగేవాడు నడుములోతు నీళ్ళలో నిలబడి ఫిన్స్ అనే కాలి తెడ్లు తొడుక్కునేదీ, మాస్క్‌లో ఉమ్మేసి కడుక్కునేదీ, అల కొడితే నోట్లో నీళ్ళు పోయేదీ, సరిగ్గా ఆ పట్టీలోనే. కింద పన్నెండు మీటర్ల దగ్గర నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి, "విజిబిలిటీ సూపర్" అని పైకొచ్చి రెగ్యులేటర్ (సిలిండరు గాలి పీల్చుకునే సాధనం) నోట్లోంచి తీసేసి కబుర్లు చెప్పుకుంటాం, మేమూ అదే చేశాం. డైవర్లు ఒక్క డైవ్‌లో ఎంత నీరు మింగుతారని 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు లెక్క కట్టారు, సముద్రంలో సగటున పది మిల్లీలీటర్లకి కాస్త అటూఇటూ, అంటే రెండు టీస్పూన్లు. వినడానికి ఏమీ అనిపించదు, ఆ స్పూన్లో ఏముందన్నదే ప్రశ్న.

ఈ విషయం నాకు గట్టిగా ఎక్కించినవాడు మా పిన్ని కొడుకు. అమెరికాలో శాన్ డియాగోలో ఉద్యోగం, వారం వారం లా హోయా షోర్స్ అనే చోట ఒడ్డు నుంచే దిగుతాడు. నా చెవి సంగతి చెబితే "అన్నా, వానపడి మూడు రోజులు కాకుండా ఎవరు దిగుతారు?" అన్నాడు, మనం అమావాస్య రోజు ప్రయాణం పెట్టుకున్నామంటే అడిగినట్టు. అక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్యశాఖ వాన తర్వాత 72 గంటలు సముద్రంలో దిగొద్దని చెబుతుంది, ఏటి మొగల దగ్గర, కాలువ నోళ్ళ దగ్గర మరీ.

ఆ ఊరి సంగతిలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. శాన్ డియాగో మురుగు పాయింట్ లోమా ప్లాంటులో శుద్ధయ్యాక ఒక పెద్ద పైపులో సముద్రంలోకే పోతుంది, తీరం నుంచి ఏడు కిలోమీటర్ల పైన దూరానికి, దాదాపు 97 మీటర్ల లోతుకి. అంత ఊరి మురుగు పోసే ఆ పైపు వల్ల ఒడ్డున దిగే డైవర్‌కి మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఇసుక మీదికి తెరుచుకున్న చిన్న వాన కాలువ నోటితోనే. దూరం, లోతు చేసే పని అది, అడుగున ఎన్నో రంధ్రాల్లోంచి చిమ్మిన నీరు పైకి తేలే లోపే కలిసిపోతుంది. 1992 ఫిబ్రవరిలో అదే పైపు తీరానికి ఒక కిలోమీటరు దూరంలో, పదిమీటర్ల లోతులో పగిలినప్పుడు వారాల తరబడి బీచ్‌లు మూశారు. ప్లాంటు అదే, మురుగూ అదే, వదిలిన చోటు మారిందంతే.

వాన లేకపోతే భయం లేదా అంటే అదీ పూర్తి నిజం కాదు. 1995 వేసవిలో లాస్ ఏంజిలెస్ పక్కన శాంటా మోనికా అఖాతంలో ఈతకొట్టిన వేలమందిని తర్వాత ఫోన్లు చేసి అడిగారు. అక్కడ వేసవిలో చినుకు పడదు, కాలువల్లో పారేది తోటలకి పెట్టిన నీళ్ళు, కార్లు కడిగిన నీళ్ళే. అయినా సరే కాలువ నోటి ముందు ఈదినవాళ్ళకి, నాలుగు వందల గజాల అవతల ఈదినవాళ్ళ కంటే జ్వరం, వాంతులు, చెవి కారడం ఎక్కువగా వచ్చాయి. చెవి కారడం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ తర్వాత శాంటా మోనికా ఊరివాళ్ళు ఎండాకాలపు కాలువ నీళ్ళని పట్టి శుద్ధి చేసి తోటలకి వాడే ప్లాంటు కట్టుకున్నారు. మన దగ్గర కాలువ చివర అడ్డుకట్ట వేసి నీళ్ళని ఎస్టీపీకి మళ్ళించడం అంటారే, అదీ ఈ బాపతే. మంచి పనే, కాకపోతే ఎండిన రోజుల్లోనే పనిచేస్తుంది, పెద్ద వానకి ఏ అడ్డుకట్టా ఆగదు.

మరి టెస్టు చేసి చెప్పేయొచ్చు కదా? చేస్తారు, కానీ వెతికేది రోగం తెచ్చే క్రిములని కాదు. అమెరికాలో ఉప్పునీళ్ళకైతే ఎంటిరోకాకై అనే బాక్టీరియాని లెక్కపెడతారు. అది మనుషుల పేగుల్లోనూ జంతువుల పేగుల్లోనూ ఉండేది, గుమ్మం బయట చెప్పులు చూసి లోపల చుట్టాలు ఎంతమందో చెప్పినట్టు దాని లెక్కని బట్టి మలం ఎంత కలిసిందో అంచనా వేస్తారు. అమెరికా హద్దు 100 మిల్లీలీటర్లకి సగటున 35. చిక్కేమిటంటే నీళ్ళని సీసాలో పట్టి, బాక్టీరియా పెరిగేదాకా ఆగి లెక్కపెట్టాలి, ఒక రోజు పడుతుంది. ఈ రోజు మీ చేతికొచ్చే రిపోర్టు నిన్నటి సముద్రానిది. జన్యుపదార్థాన్ని చూసి గంటల్లో చెప్పే పద్ధతిని శాన్ డియాగో 2022లో మొదలుపెట్టింది, మన తీరానికి అది ఎప్పుడొస్తుందో. అందాకా డెబ్బై రెండు గంటలు అనే మోటు కొలతే దిక్కు.

ఆ మూడు రోజుల్లో ఏం జరుగుతుందంటే ఎండ పని చేస్తుంది. తేట నీళ్ళలో మంచి ఎండకి ఈ బాక్టీరియాలో చాలావరకు గంటల్లోనే చస్తుంది. బురద నీళ్ళలోకి ఎండ దిగదు, కాబట్టి అక్కడ రోజులు పడుతుంది. వైరస్‌లు ఇంకా మొండివి. అడుగున పడిన ఒండ్రులో దాక్కున్నవి అన్నిటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి, ఫిన్స్‌తో అడుగు రేపితే మళ్ళీ పైకి లేస్తాయి. అందుకే నవంబరులో తుపాను మబ్బు నాలుగు రోజులు కదలకుండా ఉంటే మూడు రోజుల లెక్క నేను నమ్మను, మబ్బు విడిచిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటాను. సిడ్నీ వాళ్ళు బయటి బీచ్‌లకి ఒక రోజు చాలంటారు, హార్బరు లోపలికి మాత్రం మూడు రోజుల దాకా ఆగమంటారు. నీరు కదిలే చోటికీ నిలిచే చోటికీ ఉన్న తేడా అది.

ఇప్పుడు నేను చేసేది పెద్దగా ఏమీ లేదు. ఒడ్డుకి పోగానే నీళ్ళకంటే ముందు ఇసుక చూస్తాను, అటూఇటూ ఒక అర కిలోమీటరు నడిచి కాలువ నోరు ఎక్కడుందో, నురగ ఎటు జరుగుతోందో చూసుకుంటాను. పైకొచ్చాక కూడా రెగ్యులేటర్ నోట్లోనే, కబుర్లు ఇసుక మీదే. చెవులు మంచినీళ్ళతో కడుక్కుని ఆరబెడతాను, డాక్టరు రాసిచ్చిన చుక్కలు రెండు వేసుకుంటాను (కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు అడగకుండా ఏ చుక్కలూ వేసుకోకండి). ఒంటి మీద మానని దెబ్బ ఉంటే ఆ వారం దిగను. కాలేయం జబ్బున్నవాళ్ళైతే దెబ్బతో అసలు దిగకూడదు, సముద్రపు నీళ్ళలో ఉండే విబ్రియో బాక్టీరియా వాళ్ళకి ప్రాణం మీదికి తెస్తుంది. అది మురుగుతో పనిలేకుండా ఉండేదే.

మొన్న నవంబరులో మళ్ళీ అదే కథ. శుక్రవారం వాన, శనివారానికి బుకింగు. మంగళవారానికి మార్చుకుందామని నేనంటే సెలవు దొరకదని గొడవ, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదని ఇంకో గొడవ. చివరికి ముగ్గురం ఇంట్లో ఉండిపోయాం, ఇద్దరు పోయి దిగారు. వాళ్ళకి ఏమీ కాలేదు. అట్లాంటి నీళ్ళలో దిగినవాళ్ళందరికీ జబ్బు రాదు మరి, శాంటా మోనికాలో కూడా ఎక్కువమంది బాగానే ఇంటికి పోయారు. మావాళ్ళకి ఆ వివరం చెప్పబోతే వినట్లేదు, గ్రూపులో నాకు "డ్రైనేజీ ఇన్‌స్పెక్టర్" అని పేరు పెట్టారు.